దోసెడు తవుడు

మందమర్రి నుంచి హుస్నాబాద్ అవతల ఉన్న ఒక చిన్న ఊరికి పోవాలంటే మూడు బస్సులు మారాలి. మంచిర్యాలకు ఒకటి, కరీంనగర్‌కు ఒకటి, హుస్నాబాద్‌కు ఒకటి. ఆపైన ఆటో. సదానందం రెండేళ్లపాటు నెలకు రెండు సెలవురోజులు ఆ మూడు బస్సులూ మారాడు. దేనికయ్యా అంటే, తిట్లు తినడానికి. ఒక ముసలమ్మ నోట ఒక్క తిట్టు పడితే చాలు అతనికి. అది దొరక్క సాయంత్రానికి మళ్లీ మూడు బస్సులు మారి ఇంటికి చేరేవాడు.

నాకు ఒక ఊళ్లో నాలుగు రోజులుంటే అరికాళ్లు దురదపెడతాయి. అందుకని నా జీవితంలో సగం బస్సుల్లోనే గడిచింది. బస్సులో పక్క సీటువాడు కథ చెప్తే ఒకటే చిక్కు, మంచి పట్టులో ఉండగా స్టేజీ వస్తుంది, వాడు సంచి పట్టుకొని దిగిపోతాడు. సదానందం మాత్రం కరీంనగర్ బస్టాండులో నాకు మళ్లీ మళ్లీ తగిలాడు. తర్వాత వాళ్ల క్వార్టర్లో అన్నం తిన్నాను, ఆ ఊళ్లో రెండు పూటలు ఉన్నాను. అందుకని అతని మాటే కాదు, మిగతావాళ్ల మాట కూడా విన్నాను.

సదానందం తండ్రి కైలాసం. నలభై ఏళ్ల కింద ఆ ఊరు వదిలి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. బొగ్గు ఊళ్లలో మనిషి పరిచయం కాగానే పేరుకన్నా ముందు మీదేవూరు అని అడుగుతారు, ఎందుకంటే అక్కడ అందరిదీ ఇంకో ఊరే. కైలాసం భార్య బాలవ్వ. సదానందం వాళ్లకు ఒక్కడే కొడుకు. బాలవ్వ నోరు క్వార్టర్ల లైన్లన్నిటికీ తెలుసు. పొద్దున లేవకపోతే నీ కాళ్లిరగ అనేది, లేచి తొందరపడితే నీ కాళ్లకు చిచ్చుపెట్ట ఎక్కడికిరా అనేది. పెళ్లయ్యాక కూడా తగ్గలేదు. కోడలు తిరుమల మొదట్లో బెదిరిపోయింది. ఆ తర్వాత ఆమె కూడా, అత్త తిట్లు ఆగాయంటే టైము తొమ్మిదైంది, నీళ్లు పట్టుకోవాలి అని లెక్కపెట్టుకోవడం నేర్చుకుంది.

బాలవ్వ చెల్లెలు ఎల్లక్క. ఆమె ఊళ్లోనే ఉండిపోయింది, భర్త పోయి చాలాకాలమైంది. ఆమె కొడుకు హనుమండ్లు. మస్కట్‌లో ఆరేళ్లు చేసి వచ్చి ట్రాక్టర్ కొనుక్కున్నాడు. సదానందానికి ఆమె చిన్నవ్వ, అతను చిన్నవ్వ కొడుకు. ఏడాదికో రెండేళ్లకో పోతే పలకరింపులు, రాకపోతే లేదు. వరసలు అలా ఉండేవి.

ఇక్కడ పేర్ల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ జిల్లాల ఓటర్ల జాబితా తిరగేస్తే పెంటయ్యలు, పెంటవ్వలు ఎంతోమంది కనిపిస్తారు. పట్నంవాళ్లు నవ్వుతారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ని తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. మాకు అక్కర్లేదు, పారేశాం అని చావుకు చూపించడం అది. అప్పుడు ఇంకొకామె చాట పట్టుకొని వచ్చి, బిడ్డను చాటలోకి ఎత్తుకొని, తల్లి ఒడిలో దోసెడు తవుడు పోస్తుంది. తవుడుకు అమ్ముడుపోయిన పిల్ల, నీకెందుకు అని చావును మరోసారి ఏమార్చడం. ఆపైన కొన్నామె, నా బిడ్డను నువ్వు సాకు అంటూ తల్లికే తిరిగి ఇస్తుంది. చావు అంత అమాయకమైందా అంటే నేనేం చెప్పను. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడెక్కడి తల్లులో ఇలాంటి మోసాలే చేశారు. పిల్లలకు వికారమైన పేర్లు పెట్టారు, మగపిల్లలకు గాజులు తొడిగారు. దేశాలు వేరు, భయం ఒకటే.

ఆ ఆచారం పోయినా మాట మిగిలింది. నిన్ను తవుడుకు కొన్నం, పెంట మీద దొరికినవ్ అని ఇప్పటికీ ప్రతి ఇంట్లో పిల్లల్ని ఏడిపిస్తారు. సదానందాన్నీ ఏడిపించారు. ఊరికి పోయినప్పుడల్లా ముసలివాళ్లు, ఏం పెంటయ్యా బాగున్నవా అనేవారు. అతను నవ్వేవాడు. నిజాన్ని ముప్ఫై నాలుగేళ్లు అతని ముఖం మీదే చెప్పారు, అతను ముప్ఫై నాలుగేళ్లు నవ్వాడు.

కైలాసానికి ఊపిరితిత్తులు చెడి, బాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చారు. అలాంటప్పుడు కొడుక్కు ఉద్యోగం వస్తుంది. అప్పటిదాకా ఆటో నడుపుకుంటున్న సదానందానికి వయసు దాటకముందే వచ్చిన అదృష్టం. కాకపోతే, నిజంగా కొడుకేనా కాదా అని ఆఫీసు మనిషి ఊరికి వచ్చి విచారించాలి. గ్రామపంచాయతీ ముందు కుర్చీలు వేశారు. సాక్ష్యానికి అంతయ్యను పిలిచారు, ఊళ్లో పెద్ద వయసు అతనిదే. అంతయ్య పిల్లవాడికి మేలు చేయాలనే వచ్చాడు. గొంతు సవరించుకొని మరీ చెప్పాడు.

"పోరడు మావాడే సారూ, అనుమానమే లేదు. నా కండ్ల ముంగటనే పెంట మీద పండవెట్టిన్రు. బాలవ్వ చాటల ఎత్తుకున్నది. కన్నది ఎల్లక్క, సాకింది బాలవ్వ. గింతకన్న పక్కా సాక్ష్యం ఎవ్వలు చెప్తరు?"

సదానందం ఎప్పటిలాగే నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వలేదు. ఆఫీసు మనిషి తలవంచి రాసుకుంటున్నాడు. "గా రాసుడు చూసినంక సమజైంది నాకు," అని సదానందం నాతో అన్నాడు. "పరాష్కాలకు నవ్వుతరు గని, ఎవ్వలు రాసుకోరు గదా తాతా."

కైలాసం చొక్కా లోపల నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో దత్తత కాగితం ఉంది. అతని సంతకం, బాలవ్వవీ ఎల్లక్కవీ ఆమె భర్తవీ వేలిముద్రలు. ఇలా అడుగుతారేమోనని భయపడి వెంట తెచ్చుకున్నాడు. ఆ కాగితంతోనే ఉద్యోగం వచ్చింది.

ఇంటికొచ్చాక సదానందం కోపగించుకోలేదు, ఏడవలేదు. అతనికి మొదట పట్టింది అసూయ. పెంచినవాళ్ల మీద కాదు, కన్నామె మీద కూడా కాదు. హనుమండ్లు మీద. ఒకే కడుపున ఇద్దరు పుడితే ఒకణ్ని ఇచ్చి ఒకణ్ని ఉంచుకున్నారు. ఆ ఉంచుకున్నవాడిలో ఏముందో చూడాలి. అలా మొదలయ్యాయి ఆ ప్రయాణాలు.

చూశాడు. ఎల్లక్క పొద్దున లేచింది మొదలు హనుమండ్లును తిడుతూనే ఉంటుంది. నీ చేతులిరగ, నీ మొకం మండ, నీ నోట్ల మన్నువడ. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ ఫోన్లో ముఖం చూస్తూ తిట్టిందట. పక్క గదిలోవాళ్లు కూడా అలవాటుపడి, అమ్మ ఇవాళ తిట్టలేదేం, జ్వరమా అని అడిగేవాళ్లట. హనుమండ్లు కనుబొమ్మ మీద ఒక గాటు ఉంది, చిన్నప్పుడు ఎల్లక్క విసిరిన గంటె తగిలిన గుర్తు. సదానందం ఆ గాటును చూసి చూసి, ఇంటికొచ్చాక అద్దంలో తన కనుబొమ్మను వేలితో తడుముకున్నాడు. నున్నగా ఉంది.

సదానందం వస్తే మాత్రం ఎల్లక్క పక్కింటి నుంచి కుర్చీ తెప్పిస్తుంది. మంచి స్టీలు గ్లాసు కడిగి తుడిచి చాయ్ పోస్తుంది. పోసేముందు అడుగుతుంది. "చక్కెర ఎక్కువెయ్యాల్నా, జర తక్కువనా బిడ్డా?"

ఆ ప్రశ్న అతన్ని కోసేసేది. హనుమండ్లును ఎన్నడూ అడగలేదు. వాడికి ఎంత చక్కెరో, వాడు కాకరకాయ ఎందుకు తినడో, ఏ చేతి మీద పడుకుంటే వాడికి నిద్రపడుతుందో ఆమె చేతులకే తెలుసు. సదానందాన్ని అడిగి తెలుసుకోవాలి. అదీ ప్రతిసారీ అడగాలి, ఎందుకంటే మర్చిపోతుంది.

ఇంట్లో అయితే అంతకన్నా అన్యాయం జరిగింది. కాగితం బయటపడ్డ రోజు నుంచి బాలవ్వ తిట్టడం మానేసింది. తొమ్మిదింటికి లేచినా, "లేస్తవా బిడ్డా, చాయ్ వెట్టిన," అనడమే. కొడుకు నెలకు రెండుసార్లు చెల్లెలింటికి పోతున్నాడని ఆమె గుండెల్లో కుంపటి. అడగదు, ఆపదు, మెత్తగా మాట్లాడుతుంది. పోయేటప్పుడు టిఫిన్ డబ్బా కట్టిస్తుంది. తిరుమల ఒకరోజు మొగుడితో, అత్త తిట్టక ఇల్లు లాడ్జి లెక్క అయిందని అంది. కారణం అడిగితే బాలవ్వ కోడలితో ఇంతే చెప్పిందట: "ఇగ నేనేం తిడ్తనే. తిట్టేదానికి అసలైనామె ఉన్నది గద."

అంటే ఇద్దరు తల్లులుండి, తిట్టే నోరు ఒక్కటీ లేకుండాపోయింది అతనికి. రెండిళ్లలోనూ చుట్టమే.

అసూయ మనిషిచేత ఎన్ని చిల్లర పనులు చేయిస్తుందో చెప్పాలంటే నా దగ్గర నా సొంత కథలే బోలెడున్నాయి, అవి అలా ఉండనివ్వండి. సదానందం ముప్ఫై ఆరేళ్ల వయసులో పిల్లచేష్టలకు దిగాడు. బురద చెప్పులతో వంట దగ్గరిదాకా పోయాడు. "పోనియ్ బిడ్డా," అని ఎల్లక్క గుడ్డ తెచ్చి తుడిచింది. ఇంకోసారి మామిడికాయ తొక్కు జాడీ కావాలనే జారవిడిచాడు. పోనియ్ బిడ్డా, కాలికి తగిలిందా అంది. మరోసారి బర్రె కట్టు విప్పి వదిలేశాడు. అది పక్కవాళ్ల మక్కచేనులో పడి మేసినంత మేసింది. పక్కవాళ్లు వచ్చి గొడవచేస్తే ఎల్లక్క చీపురు పట్టుకొని హనుమండ్లు మీదికి పోయింది.

"నీ కండ్లు పేలిపోను, నువ్వేం చేస్తున్నవ్‌రా? పట్నపోడు, కట్టుడు తెల్వదు ఆయనకు. నువ్వు చూసుకోవద్దా?"

తను చేసిన తప్పుకు పడాల్సిన తిట్టు కూడా తమ్ముడికే పోయింది. ఆ రోజు సదానందం అన్నం సరిగా తినలేదు.

ఆ సాయంత్రం బర్రెను వెతికి తోలుకొస్తూ పొలం ఒడ్డు మీద అన్నదమ్ములిద్దరూ కొట్లాడుకున్నారు. సదానందం నోరు జారాడు. తల్లి నీకే దక్కింది, నాకేం మిగిల్చినవ్ అన్నాడు. హనుమండ్లు బర్రెను అదిలించడం ఆపి అన్నను ఎగాదిగా చూశాడు. అతని కడుపులోనూ చాలా ఏళ్ల మంట ఉందని సదానందానికి అప్పటిదాకా తట్టలేదు. క్వార్టరు నీకు, కరెంటు పంకా నీకు, ఇంగ్లీషు బడి నీకు, చివరికి నౌకరీ నీకు, నేనేమో ఎడారిలో ఇటుకలు మోసిన అని మొదలుపెట్టి, అసలు మాట చివర అన్నాడు.

"ప్రతి సాలు యాములాడ పోతది అవ్వ, తవుడు మూట కట్టుకొని. నీ పేరు చెప్పి కోడెకు తినవెడ్తది. నేను మస్కట్ పోయిననాడు గూడ నాకోసం పోలే. నాకేం దక్కిందే అన్నా? తిట్లు దక్కినయ్. కావాల్నా, తీస్కపో."

వేములవాడ గుడిలో మొక్కుగా తిప్పే కోడెకు తన పేరున తవుడు పెట్టే సంగతి సదానందానికి కొత్త. రాత్రి బస్సు వదిలేసి ఉండిపోయాడు. మర్నాడు పొద్దున ఎల్లక్క బర్రెకు కుడితి కలుపుతుంటే పక్కన గొంతుక్కూర్చొని అడిగాడు. ఆమె చేయి ఆపకుండానే చెప్పింది. నేను తర్వాత విన్నదీ అదే, మాట తేడా లేకుండా.

అతనికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాణ్ని పెంట మీద పడుకోబెట్టినప్పుడు చాట పట్టుకొని వచ్చింది బాలవ్వ. పిల్లలు లేని అక్క చేతి చాట ఎందుకని కొందరన్నారు, అక్కకన్నా నమ్మకమైనవాళ్లు ఎవరని ఎల్లక్క అంది. మామూలుగా అయితే అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. కానీ మంత్రసాని, ఇద్దరు పోయినచోట వెంటనే ఇస్తే చావుకు తెలిసిపోతుంది, పుట్టువెంట్రుకలు తీసేదాకా కొన్నామె దగ్గరే ఉండనివ్వండి అంది. బిడ్డను బాలవ్వ మందమర్రి తీసుకుపోయింది. మరుసటి ఏడు వేములవాడలో వెంట్రుకలు తీయించడానికి అందరూ కలిశారు. ఎల్లక్క చీర కొంగున దోసెడు తవుడు మూటకట్టుకొని పోయింది. ఆ తవుడు అక్క చాటలో తిరిగి పోస్తే, బిడ్డ తనకు వచ్చేస్తాడు.

"గుండు చేసినంక నిన్ను ఎత్తుకున్న. నన్ను చూసి గొంతు చినిగేటట్టు ఏడ్సినవ్. అక్క దిక్కు చేతులు చాపినవ్. అక్క గోడకానుకొని నిలవడ్డది. నా చేతులతోని నేనే ఇచ్చిన. తవుడు మూట విప్పి కోడెకు పోసిన. సాకనోళ్లకు తిట్టే హక్కు, అక్తియార్ ఏడిది బిడ్డా?"

అంతే చెప్పి, కుడితి తొట్టి బర్రె ముందుకు జరిపింది. తనను తిరిగి అడగనే లేదనుకున్నవాడికి, కొంగున తవుడు కట్టుకొని మరీ అడగడానికి వచ్చారని తెలిస్తే అసూయ తగ్గాలి కదా. తగ్గలేదట. ఏడ్చింది నేనే కదా, నా నోటితో నేనే హనుమండ్లుకు రాసిచ్చాను కదా అని ఇంకాస్త పెరిగిందట. తానే అయిన ఏడాది పిల్లవాడి మీద ముప్ఫై ఆరేళ్లవాడు ఈర్ష్యపడటం నేనింకెక్కడా వినలేదు.

ఆ ఏడు వేములవాడకు తనూ వస్తానన్నాడు. హనుమండ్లు కూడా ఎన్నడూ లేనిది నేనూ వస్తానన్నాడు. తవుడు ఈసారి దోసెడు కాదు, పాత తువ్వాలులో కుంచెడు కట్టింది ఎల్లక్క. సదానందం మోస్తానంటే ఇచ్చింది. బస్టాండులో దిగేటప్పుడు జరిగింది ఇది. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు గాని జరిగింది ఒకటే. హనుమండ్లు ముందు దిగి, తల్లికి చేయి అందించి ఒక రెక్క పట్టుకున్నాడు. ఆమె అలవాటుగా అతని భుజం మీద బరువు వేసింది. అది చూసి సదానందం ఆగలేకపోయాడు. నెత్తిమీది మూటను ఒక చేతికి వదిలి, ఇంకో చేత్తో ఆమె రెండో రెక్క పట్టుకోబోయాడు. మూట జారింది. ముందురోజు వాన పడి ఉంది. తువ్వాలు ముడి ఊడి, తవుడంతా బురదనీళ్లలో పడింది.

ఎల్లక్క ఒక క్షణం కిందికి చూసింది. తర్వాత ఆమె గొంతు బస్టాండు అవతలికి వినిపించింది.

"నీ చేతులిరగ పెంటిగా, కండ్లు నెత్తికెక్కినయారా? పిడికెడు తవుడు మోస్తలేవు, బాయిల బొగ్గేం మోస్తవ్? ముప్పై ఐదేండ్ల సంది ఒక్క చిటికెడు కింద వడనియ్యలే నేను. నా తవుడు, నీ జిమ్మడ, నా తవుడంత మన్నువాలు చేసినవ్ గదరా."

అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సదానందం బురదలో గొంతుక్కూర్చొని రెండు చేతులా ఎత్తుతున్నాడు. ఆమే కూర్చొని అతని చేతిమీద ఒక్కటి వేసింది. మట్టి కలుస్తుంది, మీదిమీదిది ఎత్తు అంది. అంతా ఎత్తితే దోసెడు కూడా కాలేదు.

హనుమండ్లు మొదట నవ్వాడు. తిట్లు సాగేకొద్దీ నవ్వు పోయింది. "పెంటిగా అనుడు సరే," అన్నాడు చివరికి. "చేతులిరగ అన్నది నాది."

కోడెను పట్టుకొని లైనులో ఉండగా బాలవ్వ ఫోన్ చేసింది, తిన్నవా బిడ్డా అని అడగడానికి. సదానందం ఉండబట్టలేక చెప్పేశాడు, చిన్నవ్వ తిట్టింది, కొట్టింది కూడా అని. రెండేళ్ల నుంచి బిగబట్టిన నోరు అక్కడ తెగింది. పక్క లైనులోవాళ్లు కూడా విన్నారట.

"అదెవ్వతే నా కొడుకును కొట్టనీకి? దాని చెయ్యి వడిపోను. నువ్వన్న, నీ కాళ్లిరగ, ఉన్నొక్క సుట్టీనాడు ఇంటిపట్టున ఉండక ఊర్లు వట్టుకొని తిరుగుతున్నవ్. రా ఇంటికి, నీ పని చెప్త."

ఎల్లక్క ఫోను లాక్కుంది. తవుడు పారబోస్తే తిట్టరా, బరాబర్ తిడతాను అంది. అక్కచెల్లెళ్లు లైను గుడి దగ్గరికి చేరేదాకా పోట్లాడుకున్నారు. ఆ రెండేళ్లలో వాళ్లు అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి. సదానందం కోడె తాడు పట్టుకొని ఒక చెవి అటు, ఒక చెవి ఇటు వేసి నిలబడ్డాడు. కోడె అతని దోసిట్లోని బురద తవుడు నాకేసింది.

ఇప్పుడు సదానందం మూడు నెలలకోసారి పోతున్నాడు. పోయినప్పుడు పడాల్సినవి పడుతున్నాయి, ఇంటికొచ్చాక అంతకు రెట్టింపు పడుతున్నాయి. పోయిన నెల కరీంనగర్ బస్టాండులో నాకు తగిలింది హనుమండ్లు. సంచిలో కొత్త తొక్కు సీసా పెట్టుకొని మందమర్రి బస్సు కోసం చూస్తున్నాడు. ఈ మధ్య నెలకోసారి పెద్దవ్వ ఇంటికి పోతున్నాడట. పోయినసారి బురద బూట్లతో వంటింటిదాకా నడిచాడట కూడా. ఏమైంది అని అడిగాను. బాలవ్వ పక్క క్వార్టరు నుంచి కుర్చీ తెప్పించిందట. చాయ్‌లో చక్కెర ఎక్కువా తక్కువా అని అడిగిందట.